ఎగరని పాలపిట్ట, కదిలిపోయిన జమ్మి

గుమ్మానికి మామిడి తోరణం కట్టాలి. స్కూటరు కడిగి బొట్టు పెట్టాలి. జమ్మి కొమ్మ తేవాలి. నడవలేని ఇంటాయన తల్లి రామక్కకు శుభశకునమని పాలపిట్టను చూపించాలి.

తొంభై ఆరు దసరాకు చిక్కడపల్లి ఇంటాయన శ్రీపతి, కిరాయికుండే ఎల్లేశానికి చెప్పిన పనులివి. "ఒక్కటి తప్పినా గది ఖాళీ చెయ్యాలె. మా బామ్మర్ది అడుగుతుండు," అన్నాడు. ఎల్లేశానికి సర్కారు ఉద్యోగ పరీక్ష వచ్చే ఆదివారమే. ఈ వారం గది పోతే చదివిందంతా పోయినట్టే.

ఎల్లేశం ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు. ఏ పనికైనా ముందు పుస్తకం తలుచుకుంటాడు. చెట్టు కదలదు, పక్షి కదులుతుంది అని అశోక్ నగర్ కోచింగ్ నోట్సులో స్పష్టంగా ఉంది. కాబట్టి ముందు పిట్ట, తర్వాతే జమ్మి. తోరణం, స్కూటరు పనులు పొద్దున్నే ముగించి, జాడ దొరికితే రామక్కను రిక్షాలో తీసుకుపోదామని విద్యానగర్ దాటి చెట్లన్నీ గాలించాడు. కాకులూ గోరింకలే కనిపించాయి.

పొద్దు వాలుతుంటే బాగ్ లింగంపల్లిలో తాను చూసి పెట్టుకున్న జమ్మిచెట్టు దగ్గరికి ఉరికాడు. మొద్దు మాత్రం ఉంది. బంగారమని పంచుకోవడానికి జనం ఆకు మిగల్చలేదు. నారాయణగూడ చౌరస్తాలో అమ్మేవాళ్లు సైతం ఖాళీ సంచులు దులుపుతున్నారు.

ఉత్త చేతులతో ఇల్లు చేరేసరికి శ్రీపతి తల్లి రామక్క వాకిట్లో కుర్చీలో ఉంది. ఆమె కాళ్ల దగ్గర పాలపిట్ట!

"పంజరంల పెట్టి గల్లీకే తెచ్చిండ్రు బిడ్డా. కొని ఇడిపిచ్చిన. రెక్కలకు బంక పూసిండ్రు, దొంగ సచ్చినోళ్లు. ఎగుర్తలేదు."

శ్రీపతి బయటికొచ్చాడు. "జమ్మి ఏది?"

"చెట్టు పోయింది సార్."

"ఎట్ల పోతది? కాళ్లొచ్చినయా?"

"పట్నమంత పట్టుకపోయింది సార్."

"అయితే రేపు నువ్వు గూడ పో."

"ఇల్లు నా పేరు మీదుంది శ్రీపతీ," అంది రామక్క. "ఈ పిట్ట ఎగిరేదాక పిల్లగాడు ఈడనే ఉంటడు. దాన్ని వాడే చూస్కుంటడు."

ఎల్లేశం అప్పగించిన పని ఎగ్గొట్టే రకం కాదు. రోజూ గోరువెచ్చని నీళ్లతో బంక కడిగాడు. ఎంత బాగా కడిగాడంటే, శుక్రవారం పొద్దున్నే పిట్ట ఎగిరిపోయింది.

"ఇగ సామాన్లు సదురుకో," అన్నాడు శ్రీపతి.

"యాడ పోయిందిరా? అగో, గోడ మీదనే ఉన్నది," అంది రామక్క. "పండుగ వారంల పాలపిట్ట నీకు కనవడుతలేదా?"

శ్రీపతి గోడ వైపు చాలాసేపు చూశాడు. దసరా వారంలో పాలపిట్ట తన కంటికి ఆనలేదని వాకిట్లో నిలబడి ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఆఁ... ఉన్నది," అన్నాడు.

ఆదివారం దాకా ఆ గోడ మీద పిట్ట ఉంది. ఎల్లేశం ఆ గదిలోంచే వెళ్లి పరీక్ష రాశాడు. ఈసారి దసరాకు ఎవరి చేతిలోనైనా జమ్మి ఆకు పెట్టేటప్పుడు రామక్కను ఒక్కసారి తలుచుకోండి.