కళ్ళు విచ్చే పండు

కరక్.

పండు కొరికిన చప్పుడు. కాస్త ఆగి, మళ్ళీ… కరక్.

గాజు తలుపుకు అవతల, మెత్తటి గోడల చిన్న గదిలో, చప్పుళ్ళు పట్టే ఆయన మైకు ముందు కూర్చుని ఆపిల్ కొరుకుతున్నాడు. కొరకడం, వినడం, తల అడ్డంగా ఊపడం. పొద్దుటి నుంచీ అదే పని. పాపం, ఇవాళ ఇంక భోజనం చెయ్యడు.

తలుపుకు ఇవతల ఆమె పండ్లు గీస్తోంది.

ఆఫీసులో ఆమెను పండ్లమ్మాయి అంటారు. వీడియో గేముల్లో దారి పక్కన కాసే పండ్లు, ఆకులు, వేర్లు, తీగలు — ఆడేవాళ్ళు ఏరుకుని సంచిలో వేసుకునే పచ్చటి సరుకంతా ఆమె చేతి మీదుగానే పుడుతుంది.

ఊరికే పుట్టదు.

ఆ గదికి ఒక నియమం ఉంది. తిననిదాన్ని గీయకూడదు. తినలేనిదైతే తాకాలి, నలపాలి, వాసన చూడాలి. ఈ నియమం పెట్టినాయన పేరు పెద్దతల. బొమ్మలు గీసేవాళ్ళందరికీ పెద్ద. పేరు పదవిని బట్టి వచ్చిందో, తలను బట్టి వచ్చిందో ఆయన ముందు ఎవరూ చర్చించరు.

అలా ఒకరోజు దానిమ్మ ఒలిచారు. వేళ్ళు ఎర్రబడేదాకా తిన్నారు. ఆ గింజలు ఆటలో పేలే గుళ్ళయ్యాయి.

నక్షత్రపండును అడ్డంగా కోశారు. అయిదు మొనల ఆ పలచటి ముక్క చీకటి గుహల్లో దీపమైంది.

నాగజెముడు పండు పట్టుకున్న పాపానికి వారమంతా వేళ్ళలో ముళ్ళు ఏరుకున్నారు. అది కవచమైంది.

అత్తిపత్తి ఆకు తాకగానే ముడుచుకుంది — తడితే మూసుకునే తలుపైంది. ఇక పచ్చి కాకరకాయ నమిలిన రోజు ఆ గదిలో ముఖాలు చూసి తీరాలి. అది విషానికి విరుగుడైంది.

చెట్టు మీద ఉన్న గుణమే ఆటలోకి వస్తుంది. లేనిది అతికిస్తే అతకదు. తన పనిలో ఆమెకు ఇష్టమైన సంగతి అదే.

ఒక్క పండు మాత్రం అతకలేదు.

ప్రాణఫలం.

ఆటలో ఒక పిల్ల ఉంది. ఎర్ర మఫ్లరు, చేతిలో కర్ర. కొండలెక్కుతుంది, రాక్షసులతో కొట్లాడుతుంది, దెబ్బలు తింటుంది. నీరసపడ్డప్పుడు ప్రాణఫలం తింటే లేచి పరుగెత్తాలి. అన్నిటికంటే ముఖ్యమైన పండు కదా అని, ఆమె ఏ ఒక్క పండునూ నమ్ముకోలేదు. ఆపిల్ ఎరుపు తెచ్చింది. మామిడి వంపు తెచ్చింది. ద్రాక్ష నునుపు తెచ్చింది. మచ్చ లేదు, తొడిమ దగ్గర ముడత లేదు, ఎన్నాళ్ళున్నా వాడదు.

ఎవరూ ఎన్నడూ తినని పండు గీసింది. ముచ్చటపడి పెద్దతల కూడా నియమం మర్చిపోయాడు.

ఆ పండును ఆటలోనూ ఎవరూ తినలేదు.

ఆట బయటికి రాకముందు పరీక్షకు ఆడినవాళ్ళందరూ ఏరుకున్నారు. సంచిలో వేసుకున్నారు. దాచుకున్నారు. పిల్ల ప్రాణం అడుగంటుతున్నా సంచి విప్పలేదు. ముందు ఇంకా పెద్ద ఆపద ఉంటుందేమో… అప్పటికి ఉండనీ. ఆ పెద్ద ఆపద రాకముందే, ఏదో చిన్న వాగు పక్కన, నిండు సంచితో పిల్ల చచ్చిపోయేది.

ఏ పండు తింటే ఎంత ప్రాణం పెరగాలో తేల్చే లెక్కలాయన నెత్తి గోక్కున్నాడు. "ఇంకాస్త నోరూరేలా గియ్యమ్మా" అన్నాడు పెద్దతల. ఆమె గీసింది. మంచు బిందువులు పెట్టింది, లోపలి నుంచి వెలుగు పెట్టింది.

అప్పుడు ఇంకా భద్రంగా దాచుకున్నారు. అంత అందమైనదాన్ని తినడానికి చేతులెలా వస్తాయండీ అని ఆమెనే అడిగారు.

ఆమె నవ్వింది. నవ్వాక దిగులేసింది. ఎందుకంటే ఇంట్లో అక్క కూడా తినడం లేదు.

అక్క.

అమ్మ పోయాక అమ్మయినది అక్కే. కుట్టుమిషను మీద చెల్లెల్ని పెంచింది. వాళ్ళవీ వీళ్ళవీ బట్టలు కుట్టి, మిగిలిన గుడ్డలతో చెల్లెలికి గౌనులు కుట్టి, పండు ఒలిచి నోట్లో పెట్టి, బొమ్మలు గీస్తే గోడకు అంటించి.

ఇప్పుడు అక్క గుండెకు ఆపరేషను కావాలి.

డాక్టరమ్మ చేస్తానంది. ఈ ఒంటితో మాత్రం కాదంది. "బాగా తినాలి, బరువు పెరగాలి. నెలాఖరు సోమవారం రండి, తూకం చూసి తేదీ ఇస్తాను." అంతే చెప్పింది. అంతకంటే ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పలేదు. చెల్లెలు అడగలేదు. ఆమెకు భయం.

అక్క పిట్టలా తింటుంది. ఏం పెట్టినా మట్టిలా ఉందంటుంది. జబ్బు ఒంట్లో సత్తువను లాగేసి, పోతూ పోతూ నాలుక మీది రుచిని కూడా పట్టుకుపోయింది.

అదొక్కటే అయితే మందులుండేవి. అక్కకు ఇంకో జబ్బుంది. దానికి మందు లేదు.

అక్క దాస్తుంది.

కొత్త కత్తెర అట్టపెట్టెలోనే ఉంటుంది, పాత కత్తెర మొండికేస్తూ గుడ్డ కొరుకుతుంది. మంచి సబ్బు బట్టల మధ్య ఉండి ఉండి రాయైంది. మెత్తటి దుప్పటి ఎప్పుడో రాబోయే ఎవరి కోసమో మడతల్లోనే చిరిగింది. ఉండనీలేవే, రేపటికి పనికొస్తుంది — అక్క ఊతపదం.

రేపు వస్తుంది. వచ్చి ఇవాళవుతుంది. అక్క మళ్ళీ రేపటికి దాస్తుంది.

మిషను తొక్కొద్దని డాక్టరమ్మ అన్నప్పుడు అక్క కాళ్ళు ఊరుకున్నాయి గానీ చేతులు ఊరుకోలేదు. చూడలేక, చెల్లెలు ఆఫీసు నుంచి పరీక్షాట తెచ్చి చేతిలో పెట్టింది. సూదిలో దారం ఎక్కించిన వేళ్ళు… ఆ బొత్తాలొక లెక్కా? రెండు రోజుల్లో అక్క ఆరితేరింది. పిల్లతో మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. నిదానంగా పోవే తల్లీ. అదిగో, వెనక చూసుకో.

ఒక సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ తెరవైపు చూసింది.

పిల్ల కుంటుతోంది. మఫ్లరు చిరిగింది. ప్రాణం ఎర్ర గీతంత మిగిలింది. సంచి నిండా ప్రాణఫలాలు, వరసల్లో, తళతళా.

"అక్కా, ఒకటి తినిపించు."

"ఉండవే. ముందు పెద్దవాడెవడో ఉన్నాడంట. అప్పుడు కావాలి."

పిల్ల చచ్చిపోయింది. ఒక తేనెటీగ కుట్టి చచ్చిపోయింది.

అక్క నాలుక కరుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. తను తెచ్చిన పండ్లన్నీ అక్కడే ఉన్నాయి. ఆపిల్ పండ్లు. అంజూర పండ్లు. నారింజలు. ఒక్కటీ కదలలేదు. నీకోసం ఉంచానే, ఆఫీసు నుంచి ఆకలితో వస్తావని — అక్క గొంతు వెనక నుంచి వచ్చింది.

ఆమెకు కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎన్నడూ రానంత కోపం.

"ఎవరికోసం దాస్తున్నావక్కా? నువ్వు లేకుండా ఇవన్నీ నేనేం చేసుకోను?"

అనేసింది. అన్నాక ఏడుపొచ్చింది. అక్క బొత్తాలు నొక్కడం ఆపి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మాట్లాడటానికి కూడా ఓపిక దాచుకుంటోందేమో.

మర్నాడు ఆఫీసు దారిలో, పండ్ల బండి దగ్గర, ఆమె కాళ్ళు ఆగాయి.

సీతాఫలాలు.

ఎగుడుదిగుడు పండు. పచ్చటి బొడిపెలు, వాటి మధ్య సందులు. అందం అడక్కూడదు. ఒకటి చేతిలోకి తీసుకుంది. బొడిపెల మధ్య గీతలు తెల్లబడి, లేత గులాబీ రంగుకు తిరిగి, విడివిడిగా కళ్ళు తెరుస్తున్నాయి.

"కళ్ళు విచ్చిందమ్మా" అంది బండామె. "ఇవాళ తింటే ఇవాళే. రేపటికి మీ మాట వినదు."

చెల్లెలు ఆ మాట దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. వెనకవాళ్ళు విసుక్కున్నారు.

ఆఫీసులో బల్ల మీద సీతాఫలాలు పేర్చింది. గట్టికాయ ఒకటి, దోర ఒకటి, పండు ఒకటి. నియమం ప్రకారం ముందు తింది. వేళ్ళు జిగురయ్యాయి, గడ్డం మీద కారింది, గింజలు కాగితాల మీద పడ్డాయి. తర్వాత గీసింది. రోజూ గీసింది. పచ్చగా మూసుకున్న పండు. కళ్ళు తెరిచిన పండు. మెత్తబడి, తొడిమ విడిచి, తనంతట తానే విచ్చుకున్న పండు. నల్లబడిన పండు. ఒకరోజు వచ్చేసరికి బల్ల మీది పండు బొమ్మల మీదే విరగబడి ఉంది. చీమలు కూడా వచ్చి చూసి మెచ్చుకుంటున్నాయి.

మచ్చలు గీసింది. ముడతలు గీసింది. ఇన్నాళ్ళూ వాడిపోని ప్రాణఫలం గీసిన చేత్తోనే గీసింది.

పెద్దతల చూశాడు. చాలాసేపు చూశాడు.

"సంచిలో కుళ్ళిపోయే పండా? ఎవరికి కావాలమ్మా పాడైపోయేది?"

"పాడవనిదాన్ని ఎవరు తింటున్నారు సార్?"

గాజు తలుపు అవతల ఆపిల్ కొరకడం ఆగింది.

పెద్దతల ముందుకు వంగాడు. బల్ల మీది పండు తీసుకున్నాడు. నియమం తనదే కదా. విప్పాడు, తిన్నాడు, గింజలు ఊశాడు, ఇంకో సగం కూడా తిన్నాడు. పెద్ద తలను నిదానంగా, నిలువుగా ఊపాడు. లెక్కలాయన లబోదిబోమన్నాడు — పండు మగ్గడానికి ఎంత, కుళ్ళడానికి ఎంత, ఎండలో నడిస్తే ఎంత, నీడలో ఆగితే ఎంత. పైకి గొణుగుడే. లోపల పండగే. ఆ వారమంతా కుర్చీలోంచి లేవలేదు.

శనివారం కొత్త పరీక్షాట ఇంటికి తెచ్చింది. ఆఫీసు బల్ల మీద మిగిలిన ఒక్క సీతాఫలాన్నీ తెచ్చింది. సంచిలో పడి నలిగింది. పళ్ళెంలో పెట్టి, అక్క పక్కన స్టూలు మీద ఉంచింది. తినమనలేదు.

అక్క ఆడుతోంది.

పిల్ల పండు ఏరుకుంది. అక్క దాచింది. ఇంకోటి ఏరుకుంది. దాచింది. అలవాటు ఎక్కడికి పోతుంది? పిల్ల కొండెక్కింది, దెబ్బ తింది, కుంటింది. అక్క సంచి విప్పి చూసుకుంది… ఊరికే, ఎన్నున్నాయో చూసుకోవడానికి.

వేళ్ళు ఆగాయి.

"ఇదేంటే? కళ్ళు విచ్చాయి."

చెల్లెలు తెరవైపు జరిగింది.

"అయ్యో, ఇక ఆగవే ఇవి!"

అక్క బొత్తాం నొక్కింది. పిల్ల ఒక రాయి మీద కూర్చుని, రెండు చేతులా పట్టుకుని, ఆబగా తింది. ఎర్ర గీత పచ్చబడింది, పొడవైంది. మఫ్లరు గాలికి లేచింది. పిల్ల పరుగెత్తింది. అక్క ఇంకోటి తినిపించింది. వృథాగా పోతుందేమోనని ఇంకోటి. పిల్ల కొండ చివరికి, ఏ సాయంత్రమూ చేరనంత దూరానికి చేరింది. అవతల లోయ కనపడింది. లోయ నిండా ఎవరూ చూడని చెట్లు.

"చూశావటే!" అంది అక్క. ఎన్నాళ్ళకో నవ్వింది.

నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే, చూపు పక్కకు తిరిగింది. స్టూలు మీదికి.

పళ్ళెంలో పండు తొడిమ విడిచి ఉంది. పక్కన ఒక చీలిక. చీలికలోంచి తెలుపు. రేపటికి ఉండదు. దాచడానికి వీల్లేదు. ఎవరికోసమూ.

అక్క ఆట పక్కన పెట్టింది. పండును రెండు చేతుల్లోకి తీసుకుంది. అది అక్క విప్పకుండానే విడిపోయింది — ఒకటి పెద్ద ముక్క, ఒకటి చిన్న ముక్క.

పెద్ద ముక్క ఉన్న చెయ్యి దానంతట అదే చెల్లెలివైపు సాగింది. చెల్లెలు పుట్టినప్పటి నుంచీ అంతే. పెద్దది చెల్లికి. నాకిష్టం లేదులేవే.

చెల్లెలు చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది. చిన్నపిల్లలా. అక్క కళ్ళలోకి చూస్తూ, తల అడ్డంగా ఊపింది. చేతులు తియ్యలేదు.

రసం అక్క మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది. పండు ఆగడం లేదు. అక్క పండును చూసింది. చెల్లెల్ని చూసింది.

పెద్ద ముక్క నోటి దగ్గరికి తీసుకుంది.

తింది.

"రుచి తెలిసిందా అక్కా?"

"ఏమో…" అక్క కళ్ళు మూసుకుంది. వెతుక్కుంటోంది, నోటి లోపల ఎక్కడో. "ఆగు. తెలీట్లేదు. ఆగు, ఇంకా చెప్పను."

మళ్ళీ తింది.

ఎల్లుండి సోమవారం. తూకపు ముల్లు ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ ఏమంటుందో తెలియదు. చెల్లెలికి ఇంకా భయమే. కానీ ఇవాళ శనివారం. కిటికీలో ఇంకా వెలుగుంది. పక్కింట్లో ఎవరో బకెట్లో నీళ్ళు పడుతున్నారు.

అక్క పెదాల మధ్య నుంచి నల్లటి గింజ ఒకటి జారి పళ్ళెంలో పడింది.

టక్.

చెల్లెలు చెవి ఒగ్గి కూర్చుంది.

కాస్త ఆగి, మళ్ళీ… టక్.