అమల్లోకి రాని అమ్మ

ఎన్నికలకు ఇంకా వారం ఉందనగా, నవంబరు వానలో, అభ్యర్థి ఫింటన్ హెషన్ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆయన పక్కన కరపత్రాల కట్ట చంకలో పెట్టుకుని, గొడుగు పట్టుకుని మా చెల్లెలు ఫిడెల్మా.

మా మేయో జిల్లాలో ఓటడగడానికి వచ్చినవాణ్ణి ఎవరూ కాదని పంపరు. మనసులో ఏమున్నా, "చూద్దాంలెండి, మా ఇంటినుంచి మీకేదో ఒకటి పడుతుంది" అంటారు. ఇక్కడ బ్యాలెట్టు మీద అభ్యర్థుల పేర్లకెదురుగా ఇష్టాన్నిబట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాం కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఆ సాయంత్రం నాకు ఆ మర్యాద పాటించే ఉద్దేశం లేదు. డిసెంబరులో మా అమ్మాయి సైవ్‌కు పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. ఆ రోజు నుంచి చట్టం లెక్కలో నేను దానికి ఏమీ కాను.

సైవ్ నా అండం నుంచి, మా ఆయన కోల్మ్ బీజం నుంచి పుట్టింది. జబ్బు చేసి నా గర్భసంచి తీసేశారు గనుక నెలలు మోసి కన్నది ఫిడెల్మా. కన్న మర్నాడు పిల్లను నా చేతుల్లో పెట్టి, "ఇదిగో నీ సరుకు, ఇక నన్ను నిద్రపోనీ" అంది. కానీ ఈ దేశంలో కన్నదే తల్లి. సైవ్ జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు ఫిడెల్మాదే. కొన్నేళ్ళ తరవాత ఒక జడ్జిగారు నన్ను 'సంరక్షకురాలి'ని చేశారు. సంరక్షణ చిన్నపిల్లలకే. పిల్ల పెద్దదైతే నా పదవి ఊడుతుంది.

దత్తత తీసుకోమని చాలామంది చెప్పారు. అందరికన్నా గట్టిగా చెప్పింది ఫిడెల్మా. నా కూతుర్ని నేను దత్తత తీసుకోవడమేమిటి? అంతవరకూ నేను దాని అమ్మను కానని సంతకం పెట్టడమే కదా అది? నేను పెట్టనన్నాను. ఆ విషయంలో మా ఇద్దరికీ మాటలు పెరిగాయి. అప్పటినుంచి ఫిడెల్మా క్రిస్మస్ భోజనానికి వస్తుంది, తింటుంది, ఆ ఊసు మాత్రం ఎత్తదు.

ఫింటన్ తడిచేయి చాచాడు. నా భుజం మీదుగా తొంగిచూస్తున్న సైవ్‌ను చూసి నవ్వాడు.

"అబ్బో! గడ్డం మీద ఆ గుంట అచ్చం మీ అమ్మదే. దాచినా దాగదు."

"ఆ మాట చట్టానికి చెప్పండి," అంది సైవ్.

ఫింటన్ ఫిడెల్మా వైపు చూశాడు. "దారిలో చెప్పానుగా ఈ ఇంటి సంగతి," అందామె.

"ఆ, సరోగసీ చట్టం!" ఆయన ముఖం వెలిగింది. "మీలాంటివాళ్ళను అమ్మగా గుర్తించేది! అది శుభవార్తే కదండీ. వేసవిలోనే చట్టమైపోయింది. సంతకం కూడా పడింది."

"పడింది. మా ఇంటికేమొచ్చింది?" అన్నాను.

"అంటే... చట్టం ఉంది. ఇంకా అమల్లోకి రాలేదు. ముందు కొన్ని సవరణలు చెయ్యాలి. ఆ పైన మంత్రిగారి ఉత్తర్వు రావాలి. అదంతా లాంఛనమేలెండి."

"మా అమ్మ కూడా ఉంది," అంది సైవ్. "ఇంకా అమల్లోకి రాలేదు."

ఫిడెల్మాకు నవ్వొచ్చింది. దగ్గులా మార్చేసింది.

"డిసెంబరులోగా వస్తుందా?" అని అడిగాను.

"డెర్వ్లా గారూ, డిసెంబరులోగా మాకు కొత్త సభలో కూర్చోవడానికి కుర్చీలు దొరికితే గొప్ప." ఆయన గొంతు తగ్గించాడు. "అయినా అమ్మాయి పెద్దదైపోయాక ఇదంతా పేరుకే కదా? అమ్మ ఎవరో ఊరంతటికీ తెలుసు."

"ఊరంతటికీ మీరూ తెలుసు. మరి బ్యాలెట్టు మీద మీ పేరు తీసేయమంటారా?"

ఫింటన్ నవ్వబోయి మానుకున్నాడు. "సరే, ఒకటో అంకె అడగను. రెండోది వెయ్యండి చాలు. రెండోదీ లెక్కలోకొస్తుంది."

"మీకు రెండోది చాలు. నాకు చాలదు. ఇన్నేళ్ళూ నాకు వేసింది రెండో అంకే. రేపు నేను పోతే నాకొచ్చిన మా నాన్న పొలాన్ని ఇది పరాయిదానిలా చేతులు చాచి తీసుకోవాలి. మీరు గెలిస్తే ప్రతి శనివారం మీ ఆఫీసుకొచ్చి కూర్చుంటాను. ఓడితే, గెలిచినవాడి ఆఫీసులో కూర్చుంటాను."

"అక్కా," అంది ఫిడెల్మా, "ఆయనకింకా వీధంతా మిగిలే ఉంది. నేను చెప్పినప్పుడే విని ఉంటే ఈపాటికి..."

"ఫిడెల్మా, నువ్వు దీనికి అమ్మవా?"

"ఛ, ఊరుకో! మోశాను, అంతే."

"ఆ మాట నాకెందుకు? నీ పక్కనున్నాయనకు చెప్పు."

ఫిడెల్మా ఆయన వైపు తిరిగింది. గొడుగు అంచునుంచి నీళ్ళు ఫింటన్ భుజం మీద కారుతున్నాయి. ఆమె పట్టించుకోలేదు.

"ఫింటన్, ఇందాక పేరుకే అన్నావు," అంది. "ఆ పేరు నాది. నన్ను ఒక్క మాట అడక్కుండా రాసేశారు. నాకు ముగ్గురు మగపిల్లలున్నారు, వాళ్ళే ఎక్కువ. రేపు నేను పోతే వాళ్ళతోపాటు ఇదీ నా బిడ్డేనని వాటా లెక్కగడతారు. మా ఆయన వింటే టీ గొంతుకడ్డం పడుతుంది. ఒకళ్ళకి లేని బిడ్డను అంటగట్టి, ఇంకొకళ్ళకి ఉన్న బిడ్డను లేదంటే, అది పేరుకేనా?"

"ఇలా గుమ్మంలో నిలబడి తేల్చే విషయమా ఇది, ఫిడెల్మా?"

"నువ్వు ఓటు అడిగింది గుమ్మంలో నిలబడే." ఆమె కరపత్రాల కట్ట ఆయన చేతిలో పెట్టింది. "మిగతా ఇళ్ళు నువ్వే తిరుగు."

"ఈ వానలోనా?"

"గొడుగు నాది," అంది ఫిడెల్మా. దాన్ని ముడిచి, ఆయన్ని దాటుకుని లోపలికొచ్చింది.

ఆయన కాగితాల కట్ట కోటులోపల దాచుకుని గేటువైపు నడిచాడు. సైవ్ తలుపు వేసింది.

ఫిడెల్మా బల్ల మీద కూర్చుని బూట్లు విప్పసాగింది. "నేనేం మారలేదు," అంది నావైపు చూడకుండా. "నీది వట్టి మొండితనం."

"తెలుసు."

"శనివారం ఎన్నింటికి?"

"వాళ్ళు ఆఫీసు తాళం తియ్యకముందే," అన్నాను.