మూడో వాయి

అక్కది మూడొందల మందికి వండే చెయ్యి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా ఆవిడ వండిన గిన్నెలో ఒక్క మెతుకు మిగిలిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ ఆదివారం మధ్యాహ్నం తన తమ్ముడొక్కడి కోసం, అదీ పందెం కాసి మరీ పొయ్యి వెలిగించింది.

తమ్ముడు మెకానిక్. యాభై నిండాయి. మూత తీయకుండానే, చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేస్తాడు. తన గుండె చప్పుడు మాత్రం వాడికి వినపడలేదు. నెల కిందట షెడ్డులో కుప్పకూలితే డాక్టరు స్టెంటు వేసి, మాంసం వేపుళ్ల జోలికి పోవద్దని గట్టిగా చెప్పాడు. మూడు వారాలు బుద్ధిమంతుడిలా ఉన్నాడు. నాలుగో వారం వీధి మలుపులోని వేపుడు బండి వాసనను చొక్కా నిండా మోసుకొచ్చాడు. అక్క ఆ వాసన పసిగట్టింది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే.

“మాంసం లేకుండా ఫ్రైడ్ రైస్ చేస్తా. పళ్లెం ఖాళీ చేశావా, మళ్లీ ఆ బండి వైపు తల తిప్పకూడదు. వదిలేశావా, నేనిక నోరెత్తను,” అంది.

“గడ్డి తిని బతకమంటావన్నమాట! సరే, పందెం పందెమే,” అని వాడు ముందుగదిలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

అక్కకు బెరుకేం లేదు. దంపుడు బియ్యం పొద్దున్నే పలుకుగా వండి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టింది. ఇద్దరికే అనుకుంది గానీ, పెద్ద చెయ్యి కదా, అన్నం పదిమందికి సరిపోయేంత అయింది. క్యారెట్టు, బీన్స్, క్యాబేజీ సన్నగా తరిగింది. పుట్టగొడుగులను నీరు ఇంకేదాకా వేయించి పక్కన పెట్టింది. నూనె దగ్గర చేతికి ఎముక లేని ఆవిడ, ఆ రోజు చెంచాతో కొలిచింది. తర్వాత క్యాంటీన్ అలవాటుకొద్దీ సగం అన్నం, సగం కూరలు ఒక్కసారే మూకుట్లో గుమ్మరించింది.

అక్కడే పప్పులో కాలేసింది. క్యాంటీన్ పొయ్యి మంట మోకాలెత్తు లేస్తుంది. ఇంటి పొయ్యిది వేలెడు. అన్నం వేగడం మానేసి ఆవిరి కక్కింది.

“అక్కా, ఇంజనులో నీళ్లు చేరాయే!” ముందుగదిలోంచి కేక వినబడింది. “అది వేగే చప్పుడు కాదు, ఉడికే చప్పుడు.”

“నీ చెవుల్లో సీసం పొయ్య!” అంది గానీ, ఆ చెవులు అబద్ధం చెప్పవని ఆవిడకు తెలుసు. ముద్దయిన అన్నాన్ని ఒక గిన్నెలోకి తీసేసి, మూకుడు కడిగి, బాగా కాల్చి, ఈసారి గుప్పెడంటే గుప్పెడే అన్నం వేసింది. చిటపటలాడింది. కుర్చీ కిర్రుమంది. తమ్ముడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఆ... ఇప్పుడు దారిలో పడింది. తిప్పు. ఇప్పుడు తిప్పు!”

పుట్టగొడుగులు, కూరలు, మిరియాల పొడి పడ్డాయి. ఆ రెండో వాయి వాడు నిలబడే తినేశాడు. ఖాళీ పళ్లెం చూసుకుని తల గోక్కున్నాడు.

“ఓడిపోయాను. నిజం చెప్పనా అక్కా? ఇక నోటికి రుచైనదేదీ తినలేనేమోనని భయమేసింది. అందుకే పోయాను ఆ బండికి.”

“ఆ మాట నాతో అనొచ్చుగా, వెధవా,” అంది అక్క ముద్దన్నం గిన్నె చేతిలోకి తీసుకుంటూ. చెడిన వాయి వండినవాళ్లే తినాలన్నది క్యాంటీన్‌లో ఆవిడ పెట్టిన నియమం.

తమ్ముడు ఆ గిన్నె లాగేసుకుని, పక్కన పెట్టి, గరిటె అందుకున్నాడు. “కూర్చో. మూడో వాయి నాది. నువ్వు పళ్లెం ఖాళీ చెయ్యకపోతే నేను మళ్లీ బండికి పోతా.”

పుట్టి బుద్ధెరిగాక వాడు గరిటె పట్టడం అదే మొదలు. మిరియాలు చేటెడు పడ్డాయి, ఉప్పు జాడే లేదు. అక్క ఒక్క మెతుకు మిగల్చలేదు.