మైకమ్మ రెండో పిలుపు

బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఏళ్ల తరబడి మైకులో చెబుతున్న ఆవిడని అందరూ మైకమ్మ అంటారు. ఏదైనా రెండుసార్లు చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లోనూ అదే వరస. "వడ్డించాను, రండి. వడ్డించాను, రండి." అదే బస్టాండు మూల గడియారాలు బాగుచేసే మొగుడుగారు మాత్రం మొదటి పిలుపుకి లేచిన పాపాన పోలేదు. కంటికి అద్దం బిగించుకుని, "ఈ స్క్రూ బిగించి వస్తా" అనేవాడు. ఎలాగూ రెండోది ఉందిగా అని ధీమా.

ఆవిడ మెడ ముందు గడ్డని కనిపెట్టింది కూడా ఆయన కాదు. మంచినీళ్లు మింగుతుంటే అది పైకీ కిందికీ కదులుతోందని టికెట్ల గుమాస్తా చెప్పాడు. ఆవగింజంత చక్రానికి పళ్లు లెక్కపెట్టే మహానుభావుడికి, రోజూ ఎదురుగా కూర్చున్న పెళ్లాం మెడ కనపడలేదు. ఆయనకి సిగ్గేసింది.

స్కానింగు తీశారు, గడ్డలో సూది గుచ్చి పరీక్షకి పంపారు. థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది.

"ఇది నిదానంగా పెరిగే రకం. చాలామందికి నయమవుతుంది," అంది డాక్టరమ్మ. "గ్రంథి మొత్తం తీసేస్తాం. ఆ తర్వాత జీవితాంతం పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర."

"గొంతు?" అంది మైకమ్మ.

"మాట పలికించే నరం ఆ గ్రంథి వెనకనుంచే పోతుంది. జాగ్రత్తగా తప్పిస్తాం. అయినా కొందరికి బొంగురుపోతుంది. చాలావరకు మెల్లగా సర్దుకుంటుంది. ఎవరికో తప్ప."

బయటికొచ్చాక ఆయన, "క్యాన్సర్ సంగతి ఏమీ అడగలేదేం?" అన్నాడు.

"దానికి మాత్ర చెప్పిందిగా. దీనికి చెప్పలేదు."

ఆడపడుచు పలకరించడానికి వచ్చి, "అరిచి అరిచి తెచ్చుకున్నావు" అని తేల్చేసింది.

"అరిస్తే వచ్చేది కాదట. వచ్చేదైతే ముందు మీకే రావాలి కదా వదినా," అంది మైకమ్మ.

ఆయన నవ్వలేదు. ఈ గొంతు పోతే ఇంట్లో గడియారాల చప్పుడు తప్ప ఏం మిగులుతుందని ఆలోచనలో పడ్డాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడకి కట్టుతో ఆవిడ పడుకుని ఉంది. పక్కన కుర్చీలో ఆయన, చేతులు ఊరుకోక, ఒళ్లో ఒక గడియారం విప్పి పెట్టుకున్నాడు.

"నీళ్లు."

అది గొంతులా లేదు. గరుకు కాగితం రుద్దినట్టుంది. ఆయన ఒక్క ఉదుటున లేచాడు. గడియారం కిందపడింది, స్క్రూలన్నీ మంచం కిందికి దొర్లిపోయాయి. వాటి మొహమైనా చూడకుండా గ్లాసు నింపి తెచ్చాడు.

మైకమ్మ గ్లాసు అందుకోలేదు. ఆయన్ని ఎగాదిగా చూసింది. రెండు వేళ్లు చూపించి, కుర్చీ వైపు సైగ చేసింది.

ఆయనకి అర్థమైంది. వెళ్లి బుద్ధిగా కూర్చున్నాడు.

"ఈ స్క్రూ బిగించి వస్తా," అన్నాడు, నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చెవులు రిక్కించి.