సూర్యకళ ఒంట్లోని చప్పుళ్లు

తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంపాటలో చేపలు కొనుక్కుని, బుట్ట నెత్తినెట్టుకుని మల్కాపురం వీధుల్లో "సేపలోయ్" అని సూర్యకళ ఒక్క కేక పెడితే చాలు, ఆడాళ్లంతా గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేసేవారు. ఎంత బాగుండేవో ఆ రోజులు! ఇప్పుడు బుట్ట మాట దేవుడెరుగు, జాకెట్టు భుజానికి రాసుకున్నా ఆమెకి మంట పుడుతోంది.

అత్త అప్పాయమ్మకి తెలిసిన వైద్యం ఒక్కటే. నువ్వులనూనె కాచి, కోడల్ని బోర్లా పడుకోబెట్టి, మోచేత్తో కుమ్మెయ్యడం. "గట్టిగా పిసికితేనే నొప్పి సత్తాది, ఓర్సుకో" అనేది. నొప్పి చావలేదు సరికదా, సూర్యకళకే చచ్చేంత పనయ్యేది. చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చూసి, "దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారమ్మా. రిపోర్టుల్లో కనబడదు గానీ నొప్పి నిజమే" అని మందులు రాసి, ఫిజియోథెరపీకి పంపింది. ఆ మాటకే సూర్యకళ సగం తేరుకుంది.

ఫిజియోథెరపీ చేసే నాగశ్రీ వాళ్లది గోదావరి వైపు. తండ్రి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. "గట్టిగా ఒత్తకూడదండీ. చెయ్యి ఆనించి, కండరం దానంతటది వదిలేదాకా ఆగాలి" అంటూ ఆమె సూర్యకళ మెడ కింద అరచెయ్యి పెట్టింది. కాసేపటికి కండరం వదులై, లోపల్నుంచి డుబుడుబుమని బోటు ఇంజను చప్పుడు బయటికొచ్చింది.

"మా కొడుకు దొరబాబు పాత బోటు కాదేటి అది? తుక్కుకి అమ్మీసినాం కదా!" అంది బయట బెంచీ మీద కూర్చున్న మోకాళ్లనొప్పుల దేముడమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

తర్వాత వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి. మోచేతి నుంచి ఐసుగడ్డలు పగలగొట్టే చప్పుడు, నడుంలోంచి వాళ్లమ్మ పాడిన జోలపాట. బెంచీ మీద వాళ్లు టీవీ కట్టేయించి మరీ వినేవారు. చప్పుడు గాల్లో కలిసిపోయేది, అక్కడి నొప్పి కాస్త తగ్గేది. కుడి భుజం మాత్రం ఎంతకీ పలకలేదు.

ఈలోగా సూర్యకళ అన్న సూరన్న సబ్బవరం నుంచి ఆటో తెచ్చేశాడు. "బావ ఒట్టి మూగోడు, నిన్నేటి సూత్తాడు? నాతో వచ్చీ, అక్కడే ఉండిపోదువు గాని" అన్నాడు. సూర్యకళకి వెళ్లాలని లేదు. కానీ మొగుడు కామరాజు వద్దని ఒక్క మాటనడే! ఒకసారి అతను భుజం మీద చెయ్యేస్తే ఆమె కెవ్వుమంది. ఆ రోజునుంచి మళ్లీ ముట్టుకోలేదు, పక్క కూడా వరండాలోకి మార్చేశాడు. వలలు లాగి కాయలు కాసిన తన చేతుల వల్లే అలా అయిందని అతని దిగులు. తను మొగుడికి బరువైపోయానని ఆమె ఏడుపు. ఇద్దరూ నోరు విప్పితే ఒట్టు!

చివరికి సూర్యకళ సరేనని సంచి సర్దుకుంది. వెళ్లేముందు ఆఖరిసారి ముగ్గురూ నాగశ్రీ దగ్గరికి వచ్చారు.

"బాబాయ్‌గారూ, ఇలా రండి. ఇంట్లో ఎలా చెయ్యాలో నేర్పుతాను" అంది నాగశ్రీ.

కామరాజు చేతులు వెనక్కి దాచుకున్నాడు. "నా సేతులు మోటువమ్మా. దానికి నొప్పెడతాది."

"ఒత్తొద్దండీ. ఊరికే ఆనించండి."

అతను ఊపిరి బిగబట్టి సూర్యకళ కుడి భుజం మీద చెయ్యి పెట్టాడు. ముందు అలల హోరు వినబడింది. దాని మీంచి ఓ కుర్రాడి కేక.

"సూరీ! నీళ్లల్లోకి దిగకే! నానొత్తన్నాను!"

పెళ్లైన కొత్తలో బోటు కనబడితే చాలు, సూర్యకళ చీర తడుస్తున్నా చూసుకోకుండా మోకాలిలోతు నీళ్లలోకి దిగిపోయేది. ఆ కేక అప్పటి కామరాజుది.

"నానింత గట్టిగా అరిసీవోడినా?" అన్నాడు కామరాజు సిగ్గుపడిపోయి.

"ఊరంతా వినబడీది" అంది సూర్యకళ, నవ్వుతూనే ఏడుస్తూ. "ఇప్పుడేటి, ఒక్క మాట కూడా నేదు."

"ముట్టుకుంటే ఏడుత్తావని భయమే." అన్నాడు కామరాజు. "ఎల్లిపోకే, సూరీ."

గుమ్మంలోంచి సూరన్న తల పెట్టి, "అయితే ఆటోలో సంచి దించీమంటారేటి?" అని అడిగాడు.

సూర్యకళ కామరాజు రెండో చెయ్యి కూడా అందుకుని, తన ఎడమ భుజం మీద పెట్టుకుంది.