దేవుడమ్మ నోరు

"ఈ పిల్ల ఎప్పుడో మీ అబ్బాయి ముందర నోరు జారుతుంది, అత్తయ్యగారూ. అప్పుడు నా గతేమిటి?" అన్నాను, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"నెత్తికెత్తుకున్నది నువ్వేగా" అన్నారావిడ.

నర్సీపట్నం స్త్రీ సమాజం వాళ్లు, బడికి పోని ఆడపిల్లలకు అక్షరాలు చెప్పమని మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిల్లని అప్పగించారు. నేను చదివింది నాలుగో క్లాసు. అయినా అంట్లు కడగడానికీ రాత్రి వంటకీ మధ్య మిగిలే కాస్త పొద్దు ఇస్తానన్నాను. నాకు వచ్చిన పిల్ల దేవుడమ్మ. వాళ్లమ్మ అచ్చియమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. పిల్ల చురుకైనదే. కానీ బలపం విరిగితే చాలు, వినలేని మాట ఒకటి ఊడిపడుతుంది. మా ఆరేళ్ల కమల అది పట్టుకుంటుందేమో, రేపు అత్తవారింట్లో అంటుందేమో, దాన్ని పుట్టింటికి తోలేస్తారేమో అని నాకు కంటి మీద కునుకుండదు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద కూచోబెట్టి అడిగాను, ఈ మాటలు నీకెవరు నేర్పారే అని.

"మాయమ్మేనండి. గంప కాడ ఎవుడైనా సెయ్యేత్తే గట్టిగా తిట్టీమంది. నలుగురూ సూత్తారు, ఆడు బేగి పోతాడు."

మానెయ్యమని ఎలా చెప్పను? "సంతలో తిట్టుకో. ఈ ఇంట్లో వద్దు. పెద్దవాళ్లని అండీ అనాలి, గారూ అనాలి" అన్నాను. బుద్ధిగా తలూపింది.

సాయంత్రం మా వారు తాలూకా కచేరీ నుంచి వచ్చారు. కాఫీ చల్లారిందట. "బుర్ర లేని గాడిదని కట్టబెట్టారు నాకు. ఇదొక పంతులమ్మ!" అన్నారు, అరుగు మీద రాసుకుంటున్న పిల్లకి వినపడేలా. పెళ్లయిన నాటి నుంచీ వింటున్నదే. ఈ ఇంట్లో దాన్ని తిట్టు అని ఎవరూ అనరు, ఆయన మాట తీరు అంటారు.

దేవుడమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నోర్ముయ్యండి, సచ్చినోడు గారండీ! అమ్మగారు ఏటి సేసీసినారని?"

కమల కిసుక్కున నవ్వింది. మా వారి మొహం నల్లబడింది.

"దీన్ని ఇప్పుడే తగిలేస్తావా, లేదా? నా ఇంట్లో తిట్లేమిటి?"

దేవుడమ్మ పలక చంకన పెట్టుకుని నా వైపే చూస్తోంది. రేపటి నుంచి సమాజానికి వెళ్లొద్దంటారేమో, నన్నే పొమ్మంటారేమో, కమలని నాతో పంపరేమో అని ఒకదాని వెంట ఒకటి అనుకుంటూ నిలబడ్డాను. చివరికి అనుకోవడానికి ఇంక భయాలు మిగల్లేదు.

"తప్పేనండీ" అన్నాను. "ఇంట్లో తిట్టకూడదని దానికి మధ్యాహ్నమే చెప్పాను. రేపు వచ్చాక మళ్లీ చెబుతాను. మీకు ఇప్పుడే చెబుతున్నాను."