అలమరలో కూత

మా పెళ్ళయి నలభై మూడు రోజులు. అద్దెకు తీసుకున్న ఈ మేడమీది రెండు గదుల్లో నాకు ముద్దు రానిదంటూ లేదు. ఒకే కొక్కేనికి వేలాడే మా ఇద్దరి తువాళ్ళు, మూయబోతే మారాం చేసే తలుపు, అన్నీ ముద్దే. అన్నిటికన్నా ముద్దు మా దొంగాట. నడుముకు తాళాల గుత్తి దోపుకుని వెనకనుంచి వెళ్తే మా ఆయన ప్రతిసారీ ఉలిక్కిపడతాడు. "పిల్లిలా వస్తావే నువ్వు!" అంటాడు. నా అడుగులు అంత మెత్తనివా అని నేను మురిసిపోతాను.

ఆయన చేసేది వినికిడి సర్వే. ఇల్లిల్లూ తిరిగి, జనం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడగానే వేలెత్తమంటాడు.

"ఇప్పటికి ఎనిమిది వందల మందిని చూశాను. ఆరుగురిలో ఒకరికి ఎంతో కొంత చెవుడు. సగం మందికి ఆ సంగతే తెలీదు," అన్నాడొకరోజు టీ ఊదుకుంటూ. "సన్నటి శబ్దాలు ముందు పోతాయి. మాటలు వినబడుతూనే ఉంటాయిగా, అనుమానం రాదు. తెలిశాక మిషను పెట్టుకోమంటే సిగ్గు. కళ్ళజోడుకు లేని సిగ్గు చెవికెందుకో! ఇంట్లోవాళ్ళకి ఒకటే చెబుతాను, వెనకనుంచి అరవకండి, ముందుకొచ్చి మొహం కనబడేలా మాట్లాడండి అని."

"మరి తమరి చెవులో?"

"వాటితోనే కదా మన కూడు! రేకుల షెడ్డులో మా నాన్న సుత్తి దెబ్బల మధ్య పెరిగిన చెవులు. వాటికేం, గుండ్రాళ్ళు."

గురువారం రాత్రి నుంచి ఇంట్లో ఏదో ఏడవడం మొదలుపెట్టింది.

సన్నగా, దారం లాగినట్టు. కాసేపు ఏడ్చి, ఆగి, మళ్ళీ ఏడుస్తుంది. వంటింట్లో ఉంటే గదిలోంచి వస్తున్నట్టుంటుంది, గదిలోకి వెళ్తే గోడలోంచి. తల తిప్పితే చాలు, చోటు మారుతుంది.

"ఏవండీ, వినబడుతోందా?"

ఆయన గోడకు చెవి ఆనించి నవ్వాడు. "ఏమీ లేదోయ్. పుట్టింటి మీద బెంగ చెవిలో మోగుతోంది."

నిజమేనేమో అనుకున్నాను. ఆదివారం పొద్దున మెట్ల దగ్గర కింది వాటా పిన్నిగారు ఆపారు. డెబ్బై ఏళ్ళ మనిషి.

"ఎవరమ్మా మీ ఇంట్లో మూలిగేది? కొత్తకాపురం, అప్పుడే ఏడిపిస్తున్నాడా మీ ఆయన?" నవ్వి, అంతలోనే గొంతు తగ్గించారు. "వేళాకోళం కాదు తల్లీ. మూడు రోజులుగా కునుకు లేదు. నడుం వాలిస్తే కప్పులోంచి దిగుతోంది."

ఆవిడకి వినబడుతోంది, నాకు వినబడుతోంది. పక్కనే ఉన్న మనిషికి వినబడదు. దయ్యాలు మనుషుల్ని ఎంచుకుంటాయా?

గదంతా వెతికాను. అలమర తెరవగానే ఏడుపు మొహాన కొట్టింది. నా చీరల పక్కన, ఛార్జింగుకి పెట్టిన చిన్న స్పీకరు. హెడ్‌ఫోన్లు పెట్టుకోని పసిపిల్లల చెవుల పరీక్షకి గురువారం ఆయన బడికి తీసుకెళ్ళింది. కూత ఆగిందో లేదో చెవితోనే చూసుకోవడం ఆయన అలవాటు. ఆగిందనుకుని పెట్టేశాడు.

ఓస్, ఇంతేనా! పకపకా నవ్వొచ్చింది. కూస్తున్న దాన్ని అలాగే ఎత్తుకుని, పేపరు చదువుతున్న ఆయన వెనక్కి వెళ్ళాను, బెదరగొడదామని. నడుము దగ్గర తాళాలు గలగలమన్నాయి. ఆయన తిరగలేదు. పేజీ తిప్పాడు.

కూత ఆపేసి, భుజం తట్టాను. ఉలిక్కిపడ్డాడు.

"ఇవాళ డాక్టర్ని నేను. గోడకేసి తిరిగి కూర్చోండి."

"చిత్తం డాక్టరమ్మా!" సరదాగా కూర్చున్నాడు, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని.

స్పీకరు మీట నొక్కి బొంగురు కూత పెట్టాను. వేలు లేచింది. మధ్యస్థం పెట్టాను. లేచింది. సన్నటిది పెట్టాను.

వేలు లేవలేదు. శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. నా పళ్ళు జివ్వుమన్నాయి. కింద పిన్నిగారు చీపురుకర్రతో కప్పు మీద ధన్ ధన్‌మని బాదారు.

గోడకేసి నవ్వుతూనే అన్నాడు మా ఆయన. "పిన్నిగారు అలా కొడుతున్నారేం? నువ్వింకా మూడోది మొదలే పెట్టలేదుగా!"

కూత ఆపాను. వెనకనుంచి లేచి, ఆయన ముందుకొచ్చి కూర్చున్నాను, నా మొహం బాగా కనబడేలా.